మూల బకెట్టులో మిగిలిన కప్ప

శీతాకాలమంతా అడవి నేలలో ముడుచుకున్న కప్పలు, మంచు కరగ్గానే గుడ్లు పెట్టడానికి చెరువు దారి పడతాయి. మధ్యలో రోడ్డు. అందుకే ఆ ఊళ్లో వాళ్లు ఏటా రోడ్డు వెంట పొట్టి కంచె కట్టి, దాని పక్కనే నేలలో బకెట్లు పాతుతారు. పొద్దున్నే వాటిలో పడ్డ కప్పల్ని చేతి బకెట్లలోకి తీసి, రోడ్డు దాటించి చెరువులో వదిలి, సామాన్ల పాకలో చేరి కాఫీ తాగుతారు, వెన్న కేకు తింటారు.

ఆ పొద్దున వాళ్లలో ఎగ్గర్ట్ అనేవాడు మాత్రం కేకు ముట్టలేదు. ఆదివారం పట్నం నుంచి జనం వస్తారు. వాళ్లకు చెరువు గట్టు మీద నిలబడి ఏది ఏ కప్పో చెప్పే మనిషిని, కంచె పెత్తనం చేసే వీబ్కే కాసేపట్లో తేలుస్తుంది. ఎప్పుడూ ఆ గౌరవం రొట్టెల హెన్నింగ్‌కే దక్కేది. ఈసారి తనకు రాకపోతే ఊళ్లో తలెత్తుకోలేనని ఎగ్గర్ట్‌కు అనిపించింది.

వీబ్కే ఒక చేతికే ఉన్ని గ్లౌజు వేసుకుని, రెండో చేతిని కాఫీ మగ్గుకు ఆనించి వెచ్చబెట్టుకుంటూ, సరే, గట్టు నీకెందుకివ్వాలో చెప్పమని ఎగ్గర్ట్‌ను అడిగింది.

మొదలు చిన్నగానే ఉంది. గడ్డి కప్పనూ చిత్తడి కప్పనూ ముట్టుకోకుండా తేడా చెప్పగలనన్నాడు. అది మాత్రం తక్కువ పనా? రెండూ గోధుమరంగే, రెండింటికీ కంటి వెనక నల్ల ముసుగే. మామూలు మనుషులు వెల్లకిలా తిప్పి, పొట్ట మీద మచ్చలుంటే గడ్డి కప్ప, తెల్లగా ఉంటే చిత్తడి కప్ప అనుకుంటారు. తనకు వీపు చాలట.

అక్కణ్ణుంచి మాట ఆగలేదు. సైకిలు మీద పోతూ పోతూ, పచ్చటి ఆకు మీద కూర్చున్న పచ్చటి చెట్టు కప్పను, దాని పెళ్లానికే కనపడనిదాన్ని, దాని ఒంటి పక్కనుండే నల్లగీత చూసి పట్టేశాడట. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఆకు నీకు దండం పెట్టింది" అన్నాడు హెన్నింగ్.

ఎగ్గర్ట్ వినిపించుకోలేదు. చిత్తడి కప్పల్లో మగవి వసంతంలో కొద్దిరోజులు నీలంగా మారతాయని పిల్లలకూ తెలుసు. ఎగ్గర్ట్ మాత్రం రైల్లో కూర్చుని, మేఘం అడుగున పడ్డ నీలి నీడ చూసి, కింద ఏ మడుగులో అవి పెళ్లిళ్లు చేసుకుంటున్నాయో చెప్పేశాడట. డ్రైవరు బండి ఆపి, చూసుకొచ్చి, టోపీ తీశాడట. అది చాలక, రంగు వెలిసి తనది ఏ జాతో మరిచిపోయిన ఒక ముసలి కప్ప అతని తలుపు తట్టిందట.

"నువ్వు దూకుడు కప్పవి తాతా, ఆ కాళ్ల పొడవు చూసుకో అన్నాను. సంతోషం పట్టలేక ఒక్క గెంతు గెంతి పక్క జిల్లాలో పడ్డాడు, పాపం."

హెన్నింగ్ వేళ్లకంటిన చక్కెర నాకి, మూలకు చూపించాడు. "ఒరేయ్, ఆ బకెట్లో తడాకుల మధ్య ఒకటి మిగిలిపోయినట్టుంది. అదేమిటో చెప్పరా."

అందరూ వీబ్కే వైపు చూశారు. ఆవిడ ఎగ్గర్ట్ వైపు చూసింది. ఇక ఆదివారం తన చేతికొచ్చినట్టేనని అతను కూర్చున్నచోటి నుంచి లేవకుండా మెడ సాచాడు.

"గడ్డి కప్ప. భుజాల మధ్య ఇంటి కప్పులాంటి మచ్చ కనిపిస్తోందిగా. చలికి ముడుచుకుంది. మగది."

వీబ్కే లేచి వెళ్లి, బకెట్లో చెయ్యి పెట్టి, దాన్ని తీసి నీళ్లు పిండి, ఖాళీగా ఉన్న చేతికి తొడుక్కుంది. గోధుమరంగు ఉన్ని మీద ఇంటి కప్పులాంటి అల్లిక.

"మగది కాదు ఎగ్గర్ట్, ఎడమచేతిది."

పాక గోడలు అదిరేలా నవ్వారు. గట్టు మళ్లీ హెన్నింగ్‌కే పోయింది. పట్నం వాళ్ల కార్లు వరసగా నిలబెట్టే పని ఎగ్గర్ట్‌కు ఇచ్చి, వీబ్కే కేకు పళ్లెం అతని ముందుకు జరిపింది.

అతను పెద్ద ముక్కే తీసుకున్నాడు. కొంచెం నమిలి, మింగి, గొంతు సవరించుకున్నాడు.

"కార్లంటే గుర్తొచ్చింది. ఒకసారి రంగు చూసి నేను..."