కుడికే పోయే వేలు

దగ్గరికి జరగండమ్మా, ఈ అత్తాకోడళ్ల మాటలు వినండి. గాలివాన ముసురుకొస్తుంటే, పడవేసుకుని సముద్రంలోకి వెళ్లినవాడి కోసం ఇద్దరూ రేవు పక్క మేడెక్కారు. అత్త చేతిలో కొత్త బైనాక్యులర్స్ ఉన్నాయి. కోడలు సముద్రానికి వీపు పెట్టి, పిట్టగోడ పట్టుకుని నిలబడింది.

“మీ అబ్బాయి కనిపించారా అత్తయ్యా?”

“పడవైతే కనిపించిందే! అయ్యో, కరిగిపోతోంది. మునిగిపోతోందేమోనే!”

“అలా అనకండి. మసక పోగొట్టే ఆ చక్రం ఎటు తిప్పారు?”

“కుడికే. దూరానికి కుడికే కదా!”

“అది పాతదానికి. దీన్ని ఎడమకి తిప్పాలి.”

“తెలుసే తల్లీ! ఎడమకనే అనుకుంటాను, ఈ పాడు వేలు కుడికే పోతుంది. నువ్వు చూడరాదూ?”

“నావల్ల కాదు. ఆయన లేని పడవ కనిపిస్తే ఇక్కడే పడిపోతాను.”

కోడలు వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి చక్రాన్ని తడిమింది.

“పైనున్న వేలు తీసెయ్యండి. కింద నుంచి బొటనవేలు పెట్టి, మీ అలవాటుగా కుడికే తొయ్యండి. చక్రం ఎడమకి తిరుగుతుంది.”

“ఓసి నీ తెలివి తగలెయ్య! ఆగు, తేటపడింది.”

“ఉన్నారా?”

“ఉన్నాడే! చెయ్యి ఊపుతున్నాడు.”

“నిజంగానా?”

“కాదు... బకెట్టే అది. నీళ్లు తోడిపోస్తున్నాడు. పరిగెత్తవే, మరపడవ వాళ్లని పిలు!”

కోడలి కేకకి రేవంతా కదిలింది. మరపడవ చేరేసరికి అతను తన పడవలో మోకాలిలోతు నీళ్లలో ఇంకా తోడుతూనే ఉన్నాడు; ఎక్కించుకుని ఒడ్డుకి తెచ్చారు.

గుర్తుపెట్టుకుని మీవాళ్లకీ చెప్పండి. కొత్త బైనాక్యులర్స్ కొంటే, భయం రాకముందే చక్రం ఎటు తిరుగుతుందో చూసుకోమనండి.