నొక్కకముందే వచ్చిన మెసేజ్

జగ్గయ్యపేటలో బెన్ని టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని కిషోర్‌బాబు చెప్పుకుపోతున్నాడు.

"వెబ్‌సైట్ ఎవడైనా చేస్తాడు బెన్నీ, పాడైనదాన్ని బాగుచేసేవాడే మొనగాడు. ఈ మౌళిగారి మిరప నర్సరీనే తీసుకో. రైతు ఫోన్లో ఫారం నింపి నొక్కితే 'ధన్యవాదాలు' అని వస్తుంది, అంతే, ఆ బుకింగు ఈయనకి చేరదు. పోయిన వారం నన్ను పిలిచారు. వెళ్ళా, ఓ చూపు చూసా, దొరికింది. ఫారం వెనకాల కొక్కెం లాంటిది ఒకటుంటుంది, హుక్ అంటాం మేం. నొక్కగానే బుకింగుని రైతు నెంబరు మీదే పట్టుకుపోయి వాట్సాప్‌లో పడేసేది అదే. ఊడిపోయి ఉంది. తగిలించా, నా ఫోన్‌కి పెట్టి టెస్ట్ చేసా, టింగుమంది, లేచొచ్చేసా."

ఎదురుగా ఆ మౌళిగారే, చంద్రమౌళి, టీ తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. షేడ్‌నెట్ కింద ఆయన నారు నాటుకొచ్చింది. ఇంకో నాలుగు రోజులు దాటితే ముదిరిపోతుంది, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు.

"నాకు ఒక్క బుకింగూ రాలేదయ్యా."

"వస్తాయండి, తొందరేముంది. ముందు వినండి." కిషోర్‌బాబు ఫోన్ టింగుమంది. చూడకుండానే బల్ల మీద బోర్లా పెట్టాడు. "ఈ ప్లాట్లు అమ్మేవాళ్ళు వారం నుంచి చంపుతున్నారు, కొత్త నెంబరైతే తెరవడమే మానేసా. ఏం చెప్తున్నా? ఆ, కొక్కెం. నేను కాస్త గట్టిగా బిగించానేమో, దాని స్పీడు పెరిగింది. నొక్కీ నొక్కకముందే మెసేజ్ వెళ్ళిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవిటికల్లులో ఒకాయన పత్తేద్దామా, మిరపేద్దామా అని ఇంకా మంచం మీద ఆలోచిస్తున్నాడు, ఈలోగా 'మీ నారు సిద్ధం' అని మెసేజ్ వచ్చిందట. ఇక మిరపేశాడు, ఏం చేస్తాడు పాపం."

"ఆయన ఆలోచించేది దానికెలా తెలిసిందయ్యా?" అన్నాడు కృపారావు. ఎకరం చేను దున్నిపెట్టుకుని, మందు డబ్బాల కోసం పేట వచ్చిన రైతు.

"అదే కదా నా పనితనం. అంతటితో ఆగితే నేను ఈ టీ మానేస్తా. నారు కూడా ఆ స్పీడు అందుకుంది. మెసేజ్ వెళ్ళగానే ట్రేల్లో మొక్కలు వరసగా దిగి రోడ్డు మీదికొచ్చి, ముక్త్యాల సిమెంటు లారీ ఎక్కాయి. డ్రైవరు చూసుకోలేదు. రైతు చేను దగ్గర లారీ స్లో అవగానే దిగి, సాళ్ళలో ఏ మొక్క చోట ఆ మొక్క నిలబడింది."

"నీళ్ళెవరు పెట్టారు?" అన్నాడు బెన్ని, పాలగిన్నె మీంచి కళ్ళు తీయకుండా.

"కరెంటు రాగానే అవే మోటారు వేసుకున్నాయి."

"నా మొక్కలు నా ట్రేల్లోనే ఉన్నాయి," అన్నాడు చంద్రమౌళి.

"అవి లారీలో చోటు చాలక ఆగినవండి."

కృపారావు నవ్వుతూ తన ఫోన్ తీశాడు. "అంత స్పీడంటున్నావు, మా చేను రోడ్డు పక్కనే. నేనూ బుక్ చేస్తా ఉండు." నర్సరీ ఫారం తెరిచి పేరు కొట్టాడు, ఊరు కొట్టాడు, నొక్కాడు. ధన్యవాదాలు అని వచ్చింది.

బల్ల మీద బోర్లా ఉన్న ఫోన్ టింగుమంది.

"ప్లాట్లవాడు," అన్నాడు కిషోర్‌బాబు.

కృపారావు మళ్ళీ నింపి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టింగుమంది. ఈసారి బెన్ని కూడా పాలగిన్నె వదిలి ఇటు తిరిగాడు.

"టెస్టింగ్ అయ్యాక నీ నెంబరు తీసి నా నెంబరు పెట్టావా కిషోరూ?" అన్నాడు చంద్రమౌళి.

చంద్రమౌళి ఆ ఫోన్ తిప్పి, వాట్సాప్ తెరిపించి పైకి చదివాడు. రెండెకరాలకి నారు కావాలండి. మాకు మూడెకరాలకి. ఏవండీ, ఫారం నింపి ఐదు రోజులైంది, పలకరేం. మీరు పలకట్లేదని మైలవరంలో తెచ్చుకున్నాం, మాది తీసెయ్యండి. చదివేకొద్దీ ఆయన గొంతు తగ్గిపోయింది.

"కొక్కెం మాత్రం ఒక్కదాన్నీ జారనివ్వలేదండి," అన్నాడు కిషోర్‌బాబు మెల్లిగా.

"మిగిలినవాళ్ళందరికీ ఇక్కడే కూర్చుని ఫోన్ చెయ్యి," అన్నాడు చంద్రమౌళి. " నారు ఉంది, రేపే వచ్చి తీసుకెళ్ళమను. లారీ సంగతి మాత్రం చెప్పకు."

కిషోర్‌బాబు మొదటి నెంబరు నొక్కి స్పీకర్ పెట్టాడు. అవతల ఎత్తారు.

"నమస్కారమండి, నేను జగ్గయ్యపేట నుంచి..."

"ప్లాట్లు మాకొద్దు బాబూ," అని పెట్టేశారు.