తోమిన కత్తి

దసరా నాటి పొద్దున్న, గల్ఫ్‌లోని వాడి కబీర్ పేటలో పైఫ్లాట్ జర్మన్ మేడమ్ ఇంట్లో పనిచేసే గోదావరి మనిషి పులిహోర గిన్నెతో కిందింటి తెలుగావిడ గుమ్మంలో నిలబడింది.

"ఆయుధపూజ చేసేశానండి అమ్మగారూ. మచ్చలున్న ఇనుముకి బొట్టు పెట్టకూడదన్నారు కదా, చింతపండేసి తోమేశాను."

"కూరగాయల కత్తేగా?"

"అదేం ఆయుధమండీ! హాల్లో మీసాలాయన బొమ్మ కింద వేలాడే పెద్ద కత్తండి. అద్దంలా వచ్చింది."

ఇల్లాలి చేతిలో గరిటె ఆగిపోయింది. "దాని మీద మరక?"

"ఎందుకుంటదండి, గంట తోమితే?"

"అయ్యో! ఆయన మేడమ్ ముత్తాత. ప్రష్యా అని పాత జర్మన్ రాజ్యం, దాని గుర్రపుదళంలో కుర్రతనంలోనే చేరి, మూడు యుద్ధాలు చేసి, పెద్ద ఆఫీసరయ్యాడు. చివరి యుద్ధంలో, తుపాకీ పారేసి చేతులెత్తిన ఫ్రెంచి పిల్లాణ్ణి ఆ కత్తితోనే నరికేశాడు. అంతటితో ఉద్యోగం మానేశాడు, మళ్లీ గుర్రమెక్కలేదు. ఆ రక్తం ఎవరూ తుడవకూడదని, తన వంశంలో ప్రతివాళ్లూ చూడాలని చెప్పి పోయాడట."

"మీకు తెలుసేటండి ఇదంతా?"

"టీకి పిలిచినప్పుడు మేడమే చెప్పింది."

"మరి నాకో ముక్క చెప్పలేదేటండి! ఉజ్జోగం పోద్దండి నాకు."

"మచ్చలుండకూడదని పద్ధతి చెప్పానేగానీ, ఏ కత్తికని అడగలేదు నేను. మేడమ్ లేచిందా?"

"ఇంకా లేదండి. తుప్పు రాలిపోయిందని చెప్పేద్దామా?"

"వద్దు." ఆమె స్టవ్ ఆర్పి చెప్పులేసుకుంది. "పద, తోమమన్నది నేనేనని చెప్తాను."

"మిమ్మల్ని తిడతారండి."

"తిడితేనే నయం."