బానయ్య నడుము కొలత

కుట్టుగదిలో కిటికీ పక్కన, మట్టికుండీలో బానలా గుండ్రటి ముళ్ళమొక్క, బ్యారెల్ కాక్టస్. పేరు బానయ్య. టైలరమ్మ చేతిలో మూత పెట్టిన బకెట్టు. కుండీకి అడ్డంగా ఆమె భర్త, బస్సు డ్రైవరు.

"తప్పుకోండి అంటున్నానా!"

"తప్పుకోను. నన్ను దాటి ఒక్క చుక్క కూడా వెళ్ళదు."

"ఏవండీ, దాహంతో ఉన్న మొక్కకి అడ్డం నిలబడితే పాపం తగులుతుంది."

"చలికాలంలో బానయ్యకి దాహమేంటే? ఇరవై రెండేళ్ళుగా ఈ పాఠం నాకు చెప్పింది నువ్వే కదా! చలి మొదలయ్యాక చెంచాడు నీళ్ళు కూడా వద్దు, వాడు నిద్రపోతుంటాడు, తడిస్తే మొదలు కుళ్ళిపోతుంది అని. నేనోసారి టీ గ్లాసు కడిగిన నీళ్ళు పోసిన సంగతి బయటపడ్డాక వారం రోజులు నాతో మాట్లాడావా?"

"అప్పుడు వాడు తగ్గలేదు. ఇప్పుడు తగ్గాడు."

"ఎవరు తగ్గారు?"

"బానయ్య. కావాలంటే కొలతల పుస్తకం చూడండి. ఫార్మసీ ఆవిడ కోటుకీ, లెక్కల మాస్టారి ప్యాంటుకీ మధ్యలో ఉంటుంది. చదవండి."

"కళ్ళజోడు లేదు."

"నెత్తిమీద ఉంది."

"ఉంది. సరే. 'బానయ్య. నడుము నలభై. ఎత్తు ఇరవై.' బాగానే ఉన్నాడుగా!"

"అది మూణ్ణెల్ల కిందటిది. ఇవాళ పొద్దున్నది చూడండి. చివరి పేజీ."

"'నడుము ముప్ఫై ఎనిమిది. ఎత్తు... ఎత్తు పంతొమ్మిది.'"

"ఆగారేం?"

"గొంతు పట్టింది. రాయడంలో పొరపాటు పడ్డావేమో."

"నేనా? నేను పొరపాటు పడ్డానా? కళ్ళు మూసుకుని మనిషి పక్కన నిలబడితే చాలు, నడుమెంతో చెబుతాను నేను."

"మనుషులకి ముళ్ళుండవు కదా టైలరమ్మా. ముళ్ళ మీద నుంచి టేపు పోనివ్వాలి, ఒక ముల్లు అటో ఇటో వంగితే..."

"అల్లిక సూదితో టేపుని పట్టి, మూడుసార్లు చుట్టి చూశాను. మూడుసార్లూ ముప్ఫై ఎనిమిదే. నా మొదటి మిషను కొన్నరోజు తెచ్చుకున్నానండీ వీణ్ణి. నిమ్మకాయంత ఉన్నాడు. మిషన్లు మూడు మారాయి, వీడు మారలేదు. వచ్చే ఎండాకాలానికి నెత్తిమీద మొట్టమొదటి పువ్వు పూస్తాడని ఆశగా చూస్తుంటే, ఇలా చిక్కిపోయాడు. మూత తీస్తున్నా."

"ఆగాగు! చలికి ముడుచుకున్నాడు, అంతే. నేను ముడుచుకోనూ?"

"మీరు ముడుచుకోలేదు. తగ్గారు. మీదీ నలభై, వాడిదీ నలభై. మీరూ ముప్ఫై ఎనిమిదికొచ్చారు, వాడూ ముప్ఫై ఎనిమిదికొచ్చాడు."

"నాది నీ సొరకాయ మహిమ."

"అవును. డాక్టరు రెండంగుళాలు తగ్గమన్నాడు. నెల రోజులు ఉప్పూ కారం లేని ఉడికించిన సొరకాయ పెట్టాను. రెండంగుళాలు తగ్గారు. సంతోషపడి మళ్ళీ వేపుళ్ళు మొదలుపెట్టాను. రెండు నెలలుగా రోజూ వేపుళ్ళే. అయినా పెరగలేదు."

"ఒంటి తత్వం."

"మరి బానయ్య సొరకాయ తినలేదే!"

"పక్కపక్కన ఉంటే ఒకరి గుణం ఒకరికి అంటుకుంటుంది. మధ్యాహ్నాలు నేను వాడి పక్కనే కూర్చుంటానుగా."

"కూర్చుని ఏం చేస్తారు?"

"మాట్లాడతాను. ఈ ఇంట్లో నా మాట మధ్యలో ఆపకుండా వినేది వాడొక్కడే."

"వింటాడు, వింటాడు. విని విని ఎండిపోయాడు. జరగండి."

"జరగనన్నానా! ఆ బకెట్టు మళ్ళీ ఎందుకు లేపుతున్నావ్? చెప్పేది విను. కుండీ అడుగున అంతా ఇసుక, గులకరాళ్ళు. అన్ని నీళ్ళు ఒక్కసారి పోస్తే..."

"రాళ్ళుంటే నీళ్ళు కిందికి దిగిపోతాయి. అందుకేగా వేసింది."

"అది ఎండాకాలం మాట! ఇప్పుడు వేళ్ళు తాగవు. నీళ్ళు నిలిచిపోతాయి. పైకి పచ్చగానే ఉంటాడు, లోపల మెత్తబడి, ఓ రోజు ముట్టుకుంటే పక్కకి ఒరిగిపోతాడు. నీకు తెలియనిదా ఇది?"

"నాకేం తెలుసండీ? నాకు తెలిసిందల్లా కొలత. ఈ గదిలో అడుగుపెట్టినవాళ్ళంతా తగ్గుతున్నారు. ఫార్మసీ ఆవిడ తగ్గింది. లెక్కల మాస్టారు తగ్గాడు. నేనూ తగ్గాను."

"మంచిదేగా!"

"మంచిదే. ఫార్మసీ ఆవిడైతే కొలత విని నా భుజం మీద పడి ఏడ్చేసింది. మర్నాడు తోడికోడల్ని, ఇద్దరు పిన్నుల్ని, ఆడపడుచుని వెంటేసుకొచ్చింది. కుట్టించుకోడానికి కాదు, కొలిపించుకోడానికి! ఊరికే కొలవను, గుడ్డ తెస్తేనే కొలుస్తానన్నాను. నలుగురూ గుడ్డలు తెచ్చారు. కొలిచి కొలిచి టేపు అంచులు పీచులు లేచాయి. మొన్న పక్కవీధి టైలరు వచ్చి, ఏం మాట్లాడకుండా నా టేపుని వేళ్ళతో తడిమి చూసి వెళ్ళాడు."

"తడిమాడా? ఎందుకు?"

"మీ మొహం పాలిపోయిందేం?"

"పాలిపోలేదు. కిటికీ వెలుతురు. మరి కుట్టిన బట్టలు... వదులనో బిగుతనో ఎవరూ వెనక్కి తేలేదా?"

"ఒక్కటి కూడా రాలేదు. ముప్ఫై ఎనిమిదని రాసుకుంటాను, ముప్ఫై ఎనిమిదికి కత్తిరిస్తాను, ఒంటికి అతికినట్టు సరిపోతున్నాయి."

"చూశావా మరి! బట్టలు సరిపోయాయంటే నీ కొలత కరెక్టే. నీ చెయ్యి బంగారం. ఇక ఆ బకెట్టు లోపల పెట్టెయ్."

"కొలత కరెక్టేనంటారు?"

"నూటికి నూరుపాళ్ళు."

"అయితే బానయ్య చిక్కిపోవడం కూడా నిజమే. తప్పుకోండి."

"అది కాదే..."

"కొలత తప్పైతే మీరు తగ్గనట్టు. కొలత ఒప్పైతే వాడు చచ్చిపోతున్నట్టు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పండి డ్రైవరుగారూ."

"మధ్యలో ఇంకేమీ లేదా?"

"లేదు. మూడు లెక్కపెడతాను. ఒకటి."

"అబ్బా! ముళ్ళు! ముళ్ళు దిగాయి!"

"కుండీని ఎవరు వాటేసుకోమన్నారు మిమ్మల్ని? రెండు."

"పూస్తాడే! ఎండాకాలానికి పూస్తాడే! పసుపురంగు పువ్వంటావు, నువ్వే అంటావు! ఇరవై రెండేళ్ళు ఎదురుచూసి ఇప్పుడు చంపుతావా?"

"ఇదిగో, మూత మీద చెయ్యి వేశాను. మూ..."

"టేపు!"

"ఏం టేపు?"

"టేపు సాగింది."

"సాగిందా? దానంతటదే?"

"దానంతటది సాగదు కదా."

"మరి?"

"సాగదీశారు."

"ఎవరు? పిల్లి సాగదీసిందా?"

"నేనే. నేనే సాగదీశాను. నీ సొరకాయ నావల్ల కాలేదే! పొద్దున సొరకాయ, డిపోకి డబ్బాలో సొరకాయ, ఇంటికొస్తే సొరకాయ. స్టీరింగు కూడా సొరకాయలా కనిపించింది. డాక్టరు తగ్గమన్నది రెండంగుళాలేగా. నన్ను నేను తగ్గించుకోవడం కంటే టేపుని పెంచడం తేలికనిపించింది. బానయ్య వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. నేనూ తగ్గలేదు. ఫార్మసీ ఆవిడ అసలే తగ్గలేదు. చాలా?"

"చాలదు. బట్టలెలా సరిపోయాయి?"

"సాగిన టేపుతో కొలిచావు, సాగిన టేపుతోనే గుడ్డ కత్తిరించావు. తప్పుకి తప్పు సరిపోయింది. పాత లెక్కతో పోల్చి చూస్తే తప్ప ఎవరికీ తెలియదు. బానయ్యని కూడా కొలుస్తావన్న సంగతే నాకు తట్టలేదు."

"ఎలా సాగదీశారు?"

"ఇప్పుడదెందుకు?"

"ఎలా?"

"నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా ఒక చివర కిటికీ ఊచకి కట్టి, రెండో చివరకి ఇస్త్రీ పెట్టె వేలాడదీశాను."

"ఏ ఇస్త్రీ పెట్టె? బొగ్గులదా, కరెంటుదా?"

"బొగ్గులది. అదైతే బరువు."

"టేపు చివర్లకున్న రేకు ఊడిరాలేదా?"

"పాతగుడ్డ చుట్టి, దాని మీద ముడి వేశాను."

"తడిపారా, పొడిగానా?"

"మొదట పొడిగానే. కదల్లేదు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో ముంచి కడితే లొంగింది. ఆరేదాకా దించకూడదు. దించితే మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది."

"ఎన్ని రోజులు?"

"పదహారు. నువ్వెందుకు ఇదంతా కొలతల పుస్తకంలో రాస్తున్నావ్?"

"మాట్లాడకండి. పదహారు రోజులు, రోజుకెంతసేపు?"

"నువ్వు వచ్చేదాకా. గంట, గంటన్నర. ఏంటిది, పోలీసు స్టేషనా? తప్పైపోయిందన్నానుగా! ఇక ఆ బకెట్టు కింద పెట్టు. ఇంతసేపు మోస్తే చెయ్యి పడిపోతుంది."

"నా చేతికేం కాలేదు. ఇదిగో, మీరే పట్టుకోండి."

"ఇటివ్వు. ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది? నీళ్ళేవి?"

"చలికాలంలో బానయ్యకి నీళ్ళు పోస్తానా నేను? మతి పోయిందా నాకు?"

"అంటే..."

"చలికి వాడి మడతలు ముడుచుకుని నడుము కాస్త తగ్గితే తగ్గొచ్చు. ఎత్తు ఎలా తగ్గుతుందండీ? పొద్దున పంతొమ్మిది చూడగానే అర్థమైంది, రోగం వాడికి కాదు, టేపుకి అని. టేపు సాగితే లాభపడే మనిషి ఈ ఇంట్లో ఎవరో అదీ అర్థమైంది. ఎలా చేశారన్నది ఒక్కటే అర్థం కాలేదు."

"నన్నడిగితే చెప్పేవాణ్ణిగా!"

"టీ గ్లాసు నీళ్ళు పోసింది పిల్లి అని ఆరేళ్ళు చెప్పారు. మనకి పిల్లే లేదు."

"సరే. తప్పు నాదే. ఏ శిక్షయినా వెయ్యి. సొరకాయేనా?"

"పొయ్యి మీద ఉడుకుతోంది. ముందు మూత తియ్యండి."

"ఇందులో కూడా సొరకాయేనా?"

"తియ్యండీ!"

"టేపులు! అన్నీ కొత్త టేపులే! డజను దాకా ఉన్నాయి!"

"ఆరు మనకి, ఆరు పక్కవీధి టైలరుకి అమ్మడానికి. నెలాఖరుకల్లా సాగాలి. ఈసారి మూడంగుళాలు."