మొద్దుబారే మందు

ఆపరేషన్ థియేటరు పక్క గది. ఒక మంచం మీద చెయ్యి విరగ్గొట్టుకున్న పదేళ్ల పిల్ల. పక్క మంచం ఖాళీ. స్టూలు మీద నర్సు.

“ఇప్పుడు? పుల్లతో గుచ్చుతున్నా, చెప్పు.”

“అబ్బా! నొప్పి!”

“ఇంకానా? మందు రాసి గంట దాటిందే చిట్టీ.”

“నాకు ఏదైనా ఆలస్యంగానే ఎక్కుతుంది సిస్టర్. లెక్కలూ అంతే.”

“మాటలకేం తక్కువ లేదు. చూడు, ఈ భుజం దగ్గర పైచర్మం మొద్దుబారిందనుకో, డాక్టరుగారు సూది వేసినా నీకు తెలీదు. ఆ సూదికి చెయ్యంతా నిద్రపోతుంది. అప్పుడు ఎముక సరిచేస్తారు.”

“మీరూ లోపలికి వస్తారా?”

“నా పని ఇక్కడిదాకానే. లోపల వేరేవాళ్లుంటారు.”

“వాళ్లు కథలు చెప్తారా?”

“మంచివాళ్లేలే. మీ నాన్న ఏరీ?”

“సంతకం పెట్టేసి డ్యూటీకి వెళ్లారు. బస్సు నడుపుతారు. సాయంత్రం వస్తారు.”

“మరి అమ్మ?”

“మీ పిల్లి కథ మధ్యలో ఆపేశారు.”

“అమ్మ గురించి అడుగుతుంటే...”

“పిల్లి బీరువాలో దూరింది. తర్వాత?”

“తర్వాతేముంది, మేం చూసుకోకుండా తలుపు వేసేశాం. ఒక పూటంతా లోపలే ఉంది పాపం.”

“అరవలేదా?”

“అరవలేదు. ఎవరో ఒకరు తీస్తార్లే అని కూచుంది.”

“ఎవరూ తీయకపోతే?”

“తీశాంగా! అదుగో, డాక్టరుగారు తొంగి చూస్తున్నారు.”

“ఏమ్మా సిస్టర్, ఇంకెంతసేపు? మందు పట్టలేదంటే చెప్పు, రేపటికి మార్చేద్దాం. అలా ఏడిపించి సూది వెయ్యను నేను.”

“ఐదు నిమిషాలు డాక్టరుగారూ... విన్నావా చిట్టీ? చెయ్యి చూడు ఎలా వాచిపోయిందో. రేపటిదాకా ఆగితే ఇంకా కష్టం నీకు.”

“రేపు మీరుంటారా?”

“రేపు నాకు సెలవు. కళ్లు మూసుకో. ఇదే ఆఖరుసారి. గుచ్చుతున్నా... ఎలా ఉంది?”

“అబ్బా! అబ్బబ్బా!”

“కళ్లు తెరువు.”

“ఏం?”

“పుల్ల ఎక్కడుంది?”

“మీ... మీ జేబులో.”

“నేను నిన్ను ముట్టుకోనేలేదు. ఎందుకే ఈ అబద్ధం? సూదంటే అంత భయమా?”

“సూదంటే కాదు.”

“మరి?”

“ఎప్పుడో మొద్దుబారింది సిస్టర్. పొద్దున పక్కమంచం పాప మొద్దుబారిందని చెప్పగానే, మీరు లేచి వెళ్లిపోయారుగా.”