వాడిన సామానుకు సుంకం లేదు

1949 ఏప్రిల్, పొద్దున. కోదాడ దాటినాక ఉన్న సుంకం నాకా. బెజవాడ నుంచి వచ్చిన బస్సు ఆగి ఉంది. నేలమీద దింపిన ఇనప పెట్టె చుట్టూ ముగ్గురు: నాకా జమేదారు ఏసుపాదం, కాలేజీ విద్యార్థి పాండురంగం, మిర్యాలగూడ నుంచి ఎదురొచ్చిన అతని తండ్రి, బియ్యం మిల్లు షావుకారు వెంకటనర్సయ్య.

“తాళం తీశావు సరే బాబూ, మూత మీద ఆ చెయ్యెందుకు? తియ్యి.”

“ఏం లేదండి జమేదారు గారూ. బట్టలండి. అన్నీ బట్టలే.”

“‘ఏం లేదండి’ అంట! ఇన్నవా జమేదారూ? రెండేండ్లు బెజవాడల ఉన్నడు, నాలిక గూడ ఆడనే ఇడిసొచ్చిండు. చెయ్యి తియ్యిరా పాండురంగం.”

“నువ్వెందుకొచ్చినవ్ నాయనా గింత దూరం? నేనే ఇంటికి వస్తుంటి గద.”

“ఇంటికొస్తే మీ అమ్మ నీ దిక్కే మాట్లాడతది. క్లాసులకు సక్కగ వస్తలేడని మీ కాలేజి కెల్లి కాయితమొచ్చింది. నిన్ను ఆఖరేడు చదివియ్యాల్నా, తీస్కపొయ్యి మిల్లుల కూసోబెట్టాల్నా, ఈడనే తేలాలె. ఆమె లేని కాడ తేలాలె.”

“నాయనా, ఆఖరేడు ఆపకు. నీ కాళ్ళు మొక్కుత.”

“తర్వాత మొక్కుదువు గాని, ముందు పెట్టె చూడనియ్యి బాబూ. నా కానూను ఒకటే. వాడిన సామానుకు మాఫీ. కొత్త సరుకుకు సుంకం.”

“ఇంకా సుంకమేందండి? పోలీసు యాక్షన్ అయి ఏడు నెలలాయె. ఒకటే దేశమాయె గద?”

“దేశం కలిసింది. నా రిజిస్టరు ఇంకా కలవలేదు. ఇదేంటిది, వలలాగుంది? చేపలు పడతారా?”

“బ్యాడ్మింటన్ బ్యాటండి.”

“తీగలు రెండు తెగినయ్. పిడి నున్నగా అరిగింది. బాగా వాడారు. మాఫీ.”

“బాగ వాడిండా? ఎంత బాగ వాడిండు జమేదారూ?”

“నాలుగు వేళ్ళ గుర్తులు పడ్డయ్ షావుకారు గారూ. పట్టుకుని చూడండి.”

“ఏందిరా ఇది? నేను పంపింది చదువుకా, ఎగురుడుకా?”

“అది ఆట కాదు నాయనా. పరిచయాలు. నేనాడే క్లబ్బుకు ఎవరెవరొస్తరో ఎరుకనా నీకు? బియ్యం ఓడల కెక్కించే కంపెనీ మేనేజరొస్తడు. పొగాకు ఎగుమతి చేసేటాయనొస్తడు. పుస్తకంల ఉన్నది ఎవడన్న చదువుతడు, మనుషులు తెల్వాలె. నేను చదివేది అంతర్జాతీయ వాణిజ్యం.”

“అంటే?”

“ఒక దేశం సరుకు ఇంకో దేశంల అమ్ముడు.”

“గంతేనా? గది మీ తాత కాలేజికి పోకుండనే చేసిండు.”

“అబ్బో! షావుకారు గారూ, ఇటు చూడండి. ఇదేంటి బాబూ, జుట్టు?”

“సవరం.”

“ఎవరిదిరా ఆ సవరం? పాండురంగం! ఎవరిదో చెప్పు.”

“నాదే నాయనా.”

“నీదా!”

“కాలేజి నాటకంల నాది ఆడవేషం. నాయిక నేనే.”

“ఓరి నీ... మీ అమ్మకు తెల్సా?”

“గాజులు గూడ అమ్మే పంపింది.”

“అందుకే ఆమె లేని కాడ తేలాలంటిని. జమేదారూ, రాసుకో, దీనికి ఎంత సుంకమైనా ఎయ్యి.”

“ఎట్లా వేస్తానండి? సగం వెంట్రుకలు ఊడిపోయినయ్. కొబ్బరినూనె కంపు. బాగా వాడిందే. మాఫీ.”

“నాయనా, జర ఇను. ఆ నాటకానికి ముందు వరుసల కూసున్నది ఎవరనుకున్నవ్? ఆ బియ్యం కంపెనీ మేనేజరే. నాటకం అయినంక తెర ఎనకకొచ్చి నన్ను మెచ్చుకుండు. నౌకరీ సంగతి గూడ ఆన్నే మాట్లాడిండు.”

“సవరం పెట్టుకున్న నీతోనా?”

“తీసేసినంక.”

“గాజులో?”

“గాజులు రాలే. బిగుసుకున్నయ్.”

“ఈ చిన్న పుస్తకమేంటో బాబు చేతిరాతలో ఉంది. చదువుతున్నా షావుకారు గారూ, మీరూ వినండి. ‘మేనేజరు గారు. ఆటలో ఓడితే కోపం. గెలవనియ్యవలెను. కాని వెంటనే కాదు.’”

“అది సొంత పుస్తకమండి. ఇచ్చెయ్యండి.”

“‘పొగాకు సుబ్బారాయుడు గారు. ఒకే జోకు మళ్ళీ మళ్ళీ చెప్పును. ప్రతిసారీ కొత్తగా నవ్వవలెను.’ ‘ప్రిన్సిపాలు గారి బావ. నశ్యం. డబ్బీ మనమే తీసుకుపోవలెను.’ అమ్మో, అరవై పేజీలున్నయ్, చివరి అట్ట మీద కూడా రాశాడు. మాఫీ.”

“గిదంతా ఎప్పుడు చేస్తున్నవ్‌రా? దినానికి ఎన్ని గంటలున్నయ్ బెజవాడల?”

“పొద్దున క్లాసు నాయనా. పగటీలి ఎవరన్న షావుకారును కలుసుడు. పొద్దూకి క్లబ్బు. ఆ తర్వాత నాటకం రిహార్సలు.”

“మరి చదువు?”

“మధ్యల.”

“ఏ మధ్యల?”

“వాటికి వాటికి మధ్యల.”

“సరే. ఆ మేనేజరు నౌకరీ ఇస్తనన్నడా, ఉత్త మాటనా?”

“ఇస్తనన్నడు నాయనా, నిజంగ. రంగూన్‌కు, కొలంబోకు బియ్యం పంపే ఆఫీసుల కుర్చీ. కాని బి.కాం. పాసు కావాలె. అందుకే ఆఖరేడు ఆపకు అంటున్న. అది తప్ప నాకేం వద్దు.”

“ఊఁ. కొలంబో అంట. సూద్దాం.”

“ఉండండి, అడుగున ఇంకా ఉన్నయ్. ఇవి పుస్తకాలు. ఒకటి, రెండు... ఐదు. ఆహా! వాసన చూడండి షావుకారు గారూ. కొత్త పెళ్ళికూతురి చీరలాగా ఉన్నయ్.”

“వాడినవేనండి!”

“వాడినవా? ఇంగిలీషు సీమ నుంచి వచ్చే పుస్తకాలకు పేజీల కొసలు అతుక్కునే వస్తయ్ కదా బాబూ? కత్తితో కోసుకుని చదవాలి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. దీనికి కొస కొయ్యలేదు. దీనికీ కొయ్యలేదు. దీనికి... మొదటి రెండు పేజీలు కోసి ఆపేశారు.”

“రెండు పేజీలేనా! ఓరి పాండురంగం!”

“ఐదు పుస్తకాలు, కొత్త సరుకు. అమ్మకానికి తెచ్చినట్టు రాసుకుంటున్నా. మీరు సుంకం కట్టాలి షావుకారు గారూ.”

“ఏందీ, సుంకమా?”

“అవునండి. చదివి ఉంటే మాఫీ. చదవలేదు కాబట్టి సుంకం.”

“ఆగు, ఆగు జమేదారూ. చదవలేదని ఎవరన్నరు? మా వోడు మంచిగ చదువుతడు.”

“ఇప్పటిదాకా మీరే తిడుతుంటిరి కదండీ?”

“అది ఇంటి సంగతి. సుంకం సంగతి యేరు. చదివిండు. ఐదు పుస్తకాలూ చదివిండు.”

“కొసలు కొయ్యకుండా?”

“పక్కల కెల్లి తొంగి సూసి చదివిండేమో, నీకెందుకు? చెప్పురా నువ్వు.”

“మా రూముల ఇంకొకాయన పుస్తకాల చదివిన జమేదారు గారూ. నావి మంచిగ దాచుకున్న.”

“అట్లాగా? అయితే నేను ప్రశ్న అడుగుతా. జవాబు చెప్తే వాడినట్టే లెక్క, మాఫీ. చెప్పకపోతే కొత్త సరుకు. ఒప్పుకుంటారా?”

“ఒప్పుకున్నం. అడుగు! ఏమన్న అడుగు! చెప్పకుంటే ఇయ్యాలటి సంది మిల్లే. ఇగ కాలేజి ఖతం.”

“నాయనా!”

“నువ్వు మాట్లాడకు. ఆయన అడిగిందానికి చెప్పు.”

“నాకు తెలిసింది సుంకమే కాబట్టి అదే అడుగుతా. సర్కారు సుంకం మరీ పెంచితే ఏమవుతుంది?”

“పెంచితే... అంటే... మరీ పెంచితే...”

“చెప్పురా, జర మనసు పెట్టు.”

“సరుకు దారి మార్చుకుంటది!”

“శాబాష్! ఇన్నవా? సరుకు దారి మార్చుకుంటదంట! ఏమన్న జవాబా అది! రాసుకో మాఫీ. పెట్టె ముయ్యిరా.”

“ఉండండి షావుకారు గారూ. అంతమాత్రం నేనూ చెప్తా. చదివినవాడైతే ఉదాహరణ చెప్పాలి.”

“ఉదాహరణకు బియ్యం తీసుకోండి. ఇటు దిక్కు ధర తక్కువ, అటు దిక్కు ఎక్కువ. ఈ నాకా మీదికెల్లి పోతే మీరు పట్టుకుంటరు. అందుకని బండ్లు ఈడికి రావు. వాడపల్లికి పోతయ్.”

“చాలు పాండురంగం. ఆయనకు సమజైంది.”

“నాకు సమజు కాలేదండి. చెప్పనియ్యండి.”

“చెప్పనియ్యి నాయనా. ఇది నాకు మంచిగ తెల్సు. మూసీ వచ్చి కృష్ణల కలిసే కాడ నీళ్ళు సుడి తిరుగుతయ్. సుడి ఉన్న కాడ ఎవడు దాటుతడని కాపలా పెట్టలే. జర కిందికి పోతే నీళ్ళు నిమ్మళం. ఆడ పుట్టి పడవలు పెడతరు. అదిగూడ పట్టపగలు. జవాన్లు అన్నం తినే యాళ్ళకు.”

“అన్నం తినే వేళకా! ఇది ఏ పుస్తకంలో ఉంది బాబూ?”

“పుస్తకంల కాదండి, క్లబ్బుల ఇన్న. అవతలి ఒడ్డున ఆ బియ్యం కొనే ఆసామే చెప్పిండు. నేను రెండు ఆటలు ఓడిపోయినంక చెప్పిండు.”

“పోరా, నీ క్లబ్బు మన్నుగాను! పెట్టె ముయ్యి, బస్సు పోతది.”

“బస్సు నేను చెప్తేనే పోతది షావుకారు గారూ. బియ్యం ఎవరిది బాబూ?”

“మిర్యాలగూడ షావుకారు ఎవరో అట. పేరు చెప్పలే. చాలా తెలివిగల్లోడని ఒకటే మెచ్చుకుండు. సంచులు తిరగేసి కుట్టిస్తడట, మిల్లు ముద్ర లోపలికి పోయేటట్టు. ఏం తెలివి సూడుండ్రి! నేను మా ప్రొఫెసరుకు గూడ చెప్పిన.”

“ప్రొఫెసరుకు గూడ చెప్పినవా!”

“ఆయన క్లాసుల అందరికీ చెప్పిండు నాయనా. ఎంత తెలివుంటేంది గాని ఆ షావుకారుకు శకునాల పిచ్చి అట. పుట్టి కదిలే ముందు ప్రతి సంచి మూతికి పసుపు బొట్లు పెట్టకుంటే సరుకు కదలనియ్యడట. ఒకటి కాదు, వరసగ మూడు బొట్లు. పక్కన చిన్నగ ఇంకొకటి, బిడ్డ బొట్టని. అచ్చం మా మిల్లుల అమ్మ పెట్టినట్టే...”

“ఊఁ?”

“పెట్టె ముయ్యనా నాయనా?”

“ఏమైంది బాబూ? మీ మిల్లులో అమ్మ పెట్టినట్టే?”

“దూప అయితున్నదండి.”

“కుండలో నీళ్ళున్నయ్, తర్వాత తాగుదువు గాని. మీ మిల్లులో?”

“జమేదారూ! నా మాట ఇను. వాడు ఏం చదవలే. ఒక్క ముక్క చదవలే. ఆ రెండు పేజీలు గూడ ఎలకలు కొట్టినయ్. కొత్త సరుకే. సుంకం రాసుకో, ఎంతైనా రాసుకో!”

“ఇందాక ఐదూ చదివాడంటిరి?”

“అబద్ధమాడిన. వాడికేం తెల్వదు. ఉత్త మొద్దు. వాడి మాట మీద రిజిస్టరు రాస్తవా?”

“అవునండి జమేదారు గారూ. నేను మొద్దునే. నోటికొచ్చింది చెప్పిన. పుట్టి లేదు, సంచి లేదు. అంతా కల్పించిన.”

“బొట్లు కూడా కల్పించావా?”

“బొట్లు గూడ. కొత్త సరుకని రాసుకోండి. నాకు ఆఖరేడు వద్దు. ఇయ్యాల్నే మిల్లుల కూసుంట.”

“ఏమంటున్నవ్‌రా? ఇప్పుడే గద కాళ్ళు మొక్కుత అంటివి?”

“వద్దు నాయనా. ఆ కుర్చీ వద్దు, కొలంబో వద్దు. నా నోరే పాడు నోరు. నీ మీదికి వస్తదంటే నాకు డిగ్రీ ఎందుకు? నాకు భయమైతున్నది నాయనా.”

“ఏడువకు. ఏయ్, ఏడువకురా, బస్సుల ఆడోళ్ళు సూస్తున్నరు. జమేదారూ, ఇగ దాసుడెందుకు, ఆ బియ్యం నాది. సంచులు నావి, బొట్లు మా ఇంటామె పెట్టినయ్. రాసుకో. పిలగానికి ఏం తెల్వదు, ఇప్పుడు నీ ముంగటనే తెల్సింది వానికి. వాన్ని ఇడిసిపెట్టు. ఆఖరేడు చదువుకోనియ్యి.”

“కలం పెట్టేశాను షావుకారు గారూ. ఏమీ రాయను. బాబూ, కళ్ళు తుడుచుకో. పుస్తకాలు లోపల పెట్టుకో, మాఫీ. అవతల నిలబడ్డది బెజవాడ పోయే బస్సే, అందులో ఎక్కు.”

“బెజవాడకా? ఇంటికి సెలవులకు వచ్చినోన్ని మళ్ళ అటే పంపుతవా? వాళ్ళమ్మ అరిసెలు జేసి... ఎందుకు జమేదారూ?”

“సెలవులూ వద్దు, అరిసెలూ వద్దు. ఆఖరి ఏడాదే కాదు, ఆ పైన ఏముంటే అది కూడా చదివించండి. ఎంత దూరమైతే అంత మంచిది. ఈ నోరు వాడపల్లి దిక్కు రాకుండా చూడండి షావుకారు గారూ, ఆ పుట్టీల్లో రెండు మా బావమరిదివి.”