పెద్దక్షరాల లేబులు

ఏదీ, ఆ లేబులు ఇలా తే. నా కళ్ళజోడు ఏదమ్మా? నెత్తి మీదే ఉందా? సరేలే, నవ్వకు. ఆఁ, ఇదే. మీ తాత అవిసె నూనె లేబులు. అక్షరం అక్షరం ఏరి పేర్చి నా ప్రెస్సులో నేనే అచ్చేశాను. నువ్వు మళ్ళీ ఆ నూనె మొదలుపెడతానంటున్నావ్, సంతోషం. కానీ ఆ కంప్యూటర్ అబ్బాయి ఏమన్నాడన్నావ్? "హెచ్చరిక ఇంత పెద్దగా ఉంటే ఎవడు కొంటాడు, అడుగున చిన్నగా వేసేద్దాం" అన్నాడా? కుదరదు. నేనుండగా కుదరదు, పోయాక కూడా కుదరదు. నువ్వు పుట్టేనాటికే మీ తాత పోయాడాయె, నీకెవరు చెప్తారు ఇవన్నీ. కూర్చో.

మా అక్కని చేసుకున్నాడు కాబట్టి నాకు బావ. ఉత్త మొండిఘటం. వేడి తగలకూడదని చేతిమర మీదే తిప్పేవాడు. బుట్టెడు గింజలు పోస్తే సీసాడు నూనె రావడం గగనం. అందుకే ఆ ఖరీదు, కూలి మనిషికి రెండు రోజుల కూలి! "అల్లుడుగారూ, ఇది నూనా, అత్తరా?" అని మా అమ్మ దెప్పేది. ఎవరైనా బేరమాడారో, "వేడి చేసి తీసింది చవగ్గా ఇస్తాను, కిటికీ చెక్కలకి పూసుకోండి, నోట్లో మాత్రం పోసుకోకండి" అనేవాడు. ఒళ్ళు పొడిబారితే, విరేచనం సాఫీగా కాకపోతే పనికొస్తుందేమో చూడండి, అంతవరకే చెప్పేవాడు. "షుగరు తగ్గుతుందా?" అంటే "నాకు తెలీదు". "కీళ్ళనొప్పులు?" "కొందరు తగ్గిందన్నారు, నేను పూచీ పడను." అమ్ముకునేవాడు అలా అంటాడుటే? మా అక్క నెత్తి కొట్టుకునేది, "తెలీదు తెలీదంటూ కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు" అని.

ఇక మా అమ్మ. ఆవిడకి గుండెజబ్బు, రక్తం పలచబడే మాత్రలు రాశారు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఆ నూనె తాగాలనుకుంది. అల్లుణ్ణి అడిగితే ఊరికే ఇచ్చేస్తాడు, అది ఆవిడకి నామోషీ. అందుకని పక్కింటావిడ చేత కొనిపించింది. చదువుకున్న మనిషి, ఏ సీసా అయినా లేబులు మొదటినుంచి చివరిదాకా చదవందే మూత తియ్యదు. చదివింది. వద్దని ఎక్కడా లేదు. రోజూ రెండు చెంచాలు. మూడు వారాలకి పన్ను పీకించుకుంది. పొద్దున పీకితే మధ్యాహ్నం దాటినా రక్తం ఆగదే! తువ్వాలు తడిసి ముద్దయిపోయింది. బావే రెండు చేతుల మీదా ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. డాక్టరు "ఏమేం వాడుతున్నారమ్మా?" అంటే, "గుండె మాత్రలేనండీ" అంది. "ఇంకేం లేదా?" "ఇంకేముందండీ, మా అల్లుడి నూనె. అది మందు కాదుగా!" డాక్టరు ఏమన్నాడూ, "మాత్ర వల్లో, రెండూ కలవడం వల్లో నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఆ సంగతి మాకు ముందే తెలియాలి" అన్నాడు. బావ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు.

బతికిందమ్మా, బతికింది. మూడురోజులుంచి పంపారు. ఆ నాలుగోరోజు నుంచి చూడాలి మీ తాతని! ఒక సంచీ పట్టుకుని, సీసా కొన్న ప్రతి గుమ్మం ఎక్కాడు. "ఏం మాత్రలు వేసుకుంటున్నారు? చూపించండి." టైలరు మొత్తుకున్నాడు, "నాకు హాయిగానే ఉందయ్యా, నా సీసా నాకొదిలెయ్" అని. వింటేనా! డబ్బు చేతిలో పెట్టి లాక్కొచ్చాడు. నలభై మూడు సీసాలు. తరవాత ప్రెస్సుకొచ్చాడు. "నీ దగ్గరున్న అన్నిటికంటే పెద్ద అక్షరాలు తియ్యి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు, ఆపరేషనుకి వెళ్ళేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా తాగకూడదు. ఇది పైన. నూనె పేరు కింద" అన్నాడు. అదే ఈ లేబులు. "ఇది నూనె సీసానా, కోర్టు నోటీసా?" అని జనం నవ్వారు. అమ్మకం సగానికి పడిపోయింది. మా అక్క ఏడ్చింది. ఆయన ఒక్క అక్షరం తగ్గించనివ్వలేదు, పోయేదాకా.

మా అమ్మ ఆ తరవాత ఆరేళ్ళుంది. భోజనాల దగ్గర హాస్యానికే అనేది, "మా అల్లుడు నన్ను నూనెతో సాగనంపబోయాడు" అని. అందరం నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం తల వంచుకుని తినేవాడు. ప్రతిసారీ. నేను పక్కనే కూర్చుని చూసేవాణ్ణి.

ఎందుకు చెప్తున్నానంటే... మొదటి లేబులుకి బావ కాగితం మీద రాసిచ్చాడమ్మా. అందులో ఆఖరి లైను ఆ మాత్రల సంగతే. రాశాడు. ఆయన రాశాడు! లేబులు నాలుగువేళ్ళ వెడల్పు, నాకు చోటు చాల్లేదు. చివరి లైనే కదా అని తీసేశాను. ప్రూఫు చూపిస్తే, "నువ్వు చూశావుగా, చాల్లే" అన్నాడు. ఆస్పత్రి వరండాలో నా భుజం పట్టుకుని అడిగాడు, "రాశాననే అనుకున్నానురా. ఎలా మర్చిపోయాను? ఆ కాగితం ఉందేమో చూడు" అని. "లేదు బావా, చిత్తుకాగితాల్లో పోయుంటుంది" అన్నాను. సంగతి తెలియగానే ప్రెస్సులో వెతికి తీశాను, అప్పుడది నా చొక్కా జేబులోనే ఉంది.

ఆయనకి చెప్పలేదు. మా అమ్మకీ చెప్పలేదు. మీ నాన్నకి నువ్వు చెప్పు, వాళ్ళ నాన్న ఏదీ మర్చిపోలేదని. ఇవాళే చెప్పు. నా వల్ల కాదు.